దొరసాని బొమ్మలో కోసేసిన దెబ్బ

గుణవతప్ప దగ్గరికి ఏడుస్తూ వచ్చిన ఆడది ఎవరైనా సరే, ఆమె చెప్పే దొరసాని కథ విని, కన్నీళ్ళు తుడుచుకుని మొగుడి దగ్గరికి తిరిగి వెళ్ళిపోవాల్సిందే. మలేసియాలో తెలుక్ ఇంటాన్ చుట్టుపక్కల మా తెలుగువాళ్ళ ఇళ్ళలో నలభై ఏళ్ళుగా ఇదే నడిచింది. పెదవి చిట్లినవాళ్ళు, చెయ్యి విరిగినవాళ్ళు, పొత్తికడుపులో తన్నులు తిని బిడ్డ పోయినవాళ్ళు, అందరికీ ఒకే మందు. తిరిగి వెళ్ళినవాళ్ళను చూసి, కాపురాలు నిలబెట్టే తల్లి అని ఆమెను నెత్తిన పెట్టుకున్నాం. నేనూ పెట్టుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

నా పేరు ఇందిర. తమిళ బడిలో టీచరుగా చేసి రిటైరయ్యాను. మా ఊరి తెలుగు సంఘానికి కార్యదర్శిని. గుణవతప్ప నాకు చుట్టం కాదు, పక్కింటావిడ. మా పెద్దలు ఉత్తరాంధ్ర నుంచి తెచ్చుకున్న మాటల్లో అక్కను అప్ప అంటాం. వీధిలో తమిళులు విని, ఆడమనిషిని పట్టుకుని నాన్నా అంటావేమిటని నవ్వుతుంటారు. ఆమెకిప్పుడు డెబ్భై నాలుగేళ్ళు. పొట్టి మనిషి, గట్టి ఎముక. ముప్పై ఏళ్ళు తోటలో కొబ్బరికాయలు కొట్టి కుడిచేతి బొటనవేలు సగం పోగొట్టుకుంది. ఎడమ కనుబొమ్మ మీది మచ్చ మాత్రం తోట పెట్టింది కాదు, మొగుడు పెట్టింది. కల్లు తాగి తాగి అతను పోయి పాతికేళ్ళు దాటింది. ఇప్పటికీ ఏడాదికోసారి అతని ఫొటోకి దండ వేసి, కోడికూర వండి పెడుతుంది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఒక్కసారి కూడా ఆమెతో అనలేదు.

ఆ దొరసాని కథ ఎక్కడిదంటే, ఆమె చిన్నతనానిది. ఊరికి పడమరగా, సముద్రం దగ్గర ఒక కొబ్బరి ఎస్టేట్‌లో ఆమె పుట్టింది. అక్కడి కూలీల లైను ఇళ్ళలో అందరూ తెలుగువాళ్ళే. నెలకోసారి సినిమా వ్యాను వచ్చేది. మైదానంలో రెండు గుంజలు పాతి తెల్లగుడ్డ కట్టేవాళ్ళు. సినిమాని బొమ్మ అనే అనేవాళ్ళు. తమిళం బొమ్మ దొరికిన నెల తమిళం బొమ్మ, దొరకని నెల ఎక్కడో మూలన పడివున్న పాత ఇంగ్లీషు బొమ్మ. ఇంగ్లీషు కూలీలకు అర్థం కాదు కాబట్టి ఒక మనిషి తెర పక్కన నిలబడి, రేకు బాకా నోటికి పెట్టుకుని కథంతా తెలుగులో అరిచి చెప్పాలి. ఆ మనిషి గుణవతప్ప నాన్న, సూరిబాబు.

సూరిబాబు దొర బంగళాలో వంటవాడు. అతనికొచ్చిన ఇంగ్లీషంతా సూపు, మటన్ చాపు, గెటౌట్. ఆ మాత్రం భాషతోనే గంటన్నర బొమ్మని గడగడా చెప్పేసేవాడట. తెలియనిచోట కల్పించేవాడు. కిరోసిన్ డబ్బా కత్తిరించి తనే చేసుకున్న బాకా అది, మూరెడు పొడుగుంటుంది. జనం తెరని సగం చూసి సూరిబాబుని పూర్తిగా వినేవాళ్ళు. అతను ఏం చెబితే బొమ్మలో అదే జరిగినట్టు. ఇంట్లో పెళ్ళాన్ని కొడతాడని కూడా అందరికీ తెలుసు. ఆమె పేరు నరసమ్మ. అదే బంగళాలో బట్టలుతికి ఇస్త్రీ చేసేది. దొర చొక్కా మీద ముడత ఉండేది కాదు, నరసమ్మ ఒంటి మీద దెబ్బ లేని చోటు ఉండేది కాదు.

1960లో, గుణవతప్పకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒక పాత హాలీవుడ్ బొమ్మ వచ్చింది. దాని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, దొరసాని బొమ్మ అనేవాళ్ళు. మంచు కురిసే ఊరు. రైలు యార్డులో పనివాళ్ళ మీద పెత్తనం చేసే లావుపాటి దొర. ఇళ్ళల్లో బట్టలకు ఇస్త్రీ చేసి బతికే అతని పెళ్ళాం. అతను తాగొచ్చి ఆమెను బెల్టుతో కొడతాడు, మెట్ల మీంచి తోస్తాడు, జుట్టు పట్టుకుని గోడకేసి బాదుతాడు. ఇవన్నీ బొమ్మలో నిక్షేపంగా ఉన్నాయి. చివరికోసారి కుర్చీ ఎత్తి మీదికొస్తాడు. సరిగ్గా అక్కడ రీలు గతుక్కుమంటుంది. మరుక్షణం అతను నేల మీద పడివుంటాడు, ఆమె పక్కన మోకాళ్ళ మీద ఉంటుంది. ఆ తర్వాత ఒక ముసలి జడ్జి ఎదుట తల వంచుకుని ఏడుస్తుంటుంది. అంతటితో బొమ్మ అయిపోతుంది.

తెర పక్కన సూరిబాబు బాకా ఎత్తాడు. "సూడండొరే! దొర తాగి తూలి పడిపోయినాడు. దొరసాని ఆడి కాల్లట్టుకుంటంది! నాదే తప్పు, నన్ను సమించు బాబూ అంటంది!"

ముందు వరసలో చాప మీద కూర్చున్న నరసమ్మ పకాలున నవ్వింది. నవ్వి, మైదానమంతా వినబడేలా అడిగింది. "తూలి పడిపోతే, పొయ్యి మీదున్న ఇస్త్రీపెట్టి నేల మీదకి ఎలగొచ్చినాదయ్యా?"

జనం గొల్లున నవ్వారు. సూరిబాబు బొమ్మ చెప్పడం ఆపి వచ్చాడు. బాకాని తిరగేసి పట్టుకుని దాని అంచుతో నరసమ్మ చెవి మీద కొట్టాడు. రేకు చెవి తమ్మెని చీల్చుకుని లోపలికి దిగింది. ఆమె పడిపోతే జుట్టు పట్టి తెర దాకా ఈడ్చి దవడ మీద తన్నాడు, ఒకసారి కాదు, తనకే ఊపిరి అందకుండా పోయేదాకా. ఎవరూ లేవలేదు. వ్యానువాడు రీలు ఆపలేదు. దొరసాని ఏడుపుమొహం కదులుతున్న ఆ గుడ్డ మీదే నరసమ్మ నెత్తురు చింది పడింది. దవడ పని అయ్యాక సూరిబాబు బాకా తుడుచుకుని, జడ్జిని చూపిస్తూ మిగిలిన కథ చెప్పాడు. "ఇదుగో పెద్దమనిసి తీర్పు! నీ మొగుడికాడికి ఎల్లిపో అమ్మా, ఆడికి నువ్వే దిక్కు అంటన్నాడు!"

నరసమ్మకు ఆ చెవి మరి వినబడలేదు. దవడ వంకరగా అతుక్కుంది. గుణవతప్ప మాత్రం నాన్న పక్షమే. అమ్మకి నోటిదురుసని, బొమ్మ చూస్తూ పిచ్చి ప్రశ్న వేసి చెవి పోగొట్టుకుందని ఆమె నమ్మకం. నాన్న పోయాక ఆ బాకాని తెచ్చి దేవుడి అలమరలో పెట్టుకుంది. తన పెళ్ళయ్యాక కనుబొమ్మ చిట్లిన రోజున ఆమె తనకు తానే మొదటిసారి ఆ కథ చెప్పుకుందట. ఆ తర్వాత ఊళ్ళో అందరికీ చెప్పింది. "అంత తెల్లతోలు దొరసానే మొగుడి కాల్లట్టుకుంటే, మనమెంతలా?" అని ముగించేది.

ఆ కథ విని వెళ్ళినవాళ్ళలో వల్లి ఒకతె. ఇరవై ఆరేళ్ళ కిందట, రెండు దవడలూ వాచి, ఆరు నెలల కడుపుతో వచ్చింది. గుణవతప్పే బుజ్జగించి, తినిపించి, మర్నాడు పొద్దున బస్సెక్కించింది. పదో రోజున మొగుడు ఆమె తలను సిమెంటు గట్టుకేసి కొట్టి చంపాడు. శవాన్ని కడిగినవాళ్ళలో నేనున్నాను. తల వెనక చెయ్యి పెడితే వేళ్ళు లోపలికి పోయాయి. గుణవతప్ప మూడు రోజులు అన్నం ముట్టలేదు. నాలుగో రోజు "దాని రాత" అంది. ఆ తర్వాత కూడా కథ మానలేదు. మానేస్తే వల్లి చావు తన మెడకు చుట్టుకుంటుందని ఆమెకు లోపల తెలుసనుకుంటాను.

ఈ ఏడాది మొదట్లో కౌలాలంపూర్ నుంచి నటాలీ అనే అమ్మాయి నాకు ఫోన్ చేసింది. పాత సినిమాలు వేసే చిన్న క్లబ్బొకటి నడుపుతుంది. తాతల కాలంలో ఎస్టేట్ వదిలి వెళ్ళిన క్రైస్తవ కుటుంబం. తెలుగు వింటే అర్థమవుతుంది, మాట్లాడమంటే రెండో మాటకే ఇంగ్లీషులోకి దూకుతుంది. 1932 నాటి ఒక హాలీవుడ్ సినిమా బయటి దేశంలో దొరికిందని, అది మన ఎస్టేట్లలో కూడా ఆడిందని, తెర పక్కన నిలబడి తెలుగులో చెప్పే పద్ధతి తెలిసినవాళ్ళు ఇంకా ఎవరైనా బతికి ఉన్నారా అని అడిగింది. మంచు, రైలు యార్డు, ఇస్త్రీ అని ఆమె చెబుతుంటే నాకు నవ్వొచ్చింది. ఆ కథ మా వీధిలో కుక్కలకు కూడా వచ్చు.

తెర పక్కన నిలబడి చెప్పేది నువ్వే అనగానే గుణవతప్ప సంబరం చూడాలి. బాకాని బూడిదతో తోమింది. పెరట్లో కోళ్ళ ముందు నిలబడి రెండు వారాలు సాధన చేసింది. "మా నాన్న గొంతు మల్లీ ఇనిపిస్తాను సూడు ఇందిరా" అంది. సంఘం తరఫున కొత్త చీర కొనిచ్చాం. ఆదివారం మధ్యాహ్నం కౌలాలంపూర్‌లో కార్యక్రమం.

గురువారం ఆమె కూతురు వచ్చింది. శర్మిళ ఒక్కతే కూతురు, ముప్పై ఎనిమిదేళ్ళు, క్లాంగ్‌లో చేతి తొడుగుల ఫ్యాక్టరీలో పని. మొగుడు మనోజ్ కంటైనర్ లారీ నడుపుతాడు. పిల్లల్లేరు. శర్మిళ ఎడమ కన్ను వాచి పూర్తిగా మూసుకుపోయింది. కుడిచేతి రెండు వేళ్ళకు ఆసుపత్రివాళ్ళు బద్ద పెట్టి కట్టారు. తను ఫోన్ చేస్తే వెంటనే ఎత్తలేదని, ఆ ఫోన్ పట్టుకునే వేళ్ళను తలుపు సందులో పెట్టి తలుపు మూశాడట. ఒకసారి మూసి, తెరిచి, మళ్ళీ మూశాడట. ఇలా పుట్టింటికి రావడం ఇది మూడోసారి. ముందు రెండుసార్లూ కథ విని వెనక్కి వెళ్ళింది.

"చుకుప్, ఇక చాలు. ఈసారి నేను పోను అమ్మా," అంది శర్మిళ. "పోతే చంపేస్తాడు."

"ఆడికి కోపమొచ్చినప్పుడు నువ్వు నోరు మూసుకోవాల. ఆ దొరసానికి నీకన్నా ఎక్కువే..."

"ఆ దొరసాని పేరు ఎత్తకు!" శర్మిళ అరిచింది. గుణవతప్ప ఆమె తల నిమిరింది. నిమురుతూనే రెండో చేత్తో మనోజ్‌కి ఫోన్ చేసింది. ఆదివారం కౌలాలంపూర్ వస్తున్నాం, అయిదు గంటలకు హాలు దగ్గరికొచ్చి నీ పెళ్ళాన్ని తీసుకుపో అని చెప్పింది.

నేను అక్కడే ఉన్నాను. ఆ వేళ్ళు చూశాను. చూసి కూడా, "మగాళ్ళు వయసు మీరితే చల్లబడతారమ్మా, ఇంకొక్కసారి చూడు" అన్నాను. శర్మిళ నా వంక చూసి, తన బట్టల సంచీ దగ్గరికి లాక్కుంది. ఆదివారం నా కారులో వెనక సీట్లో కూర్చుని మూడు గంటల దారంతా కిటికీలోంచి బయటికే చూసింది. ఒళ్ళో బట్టల సంచీ. ఆమెను మొగుడికి అప్పగించడానికి తీసుకెళుతున్నది నేనే, పెట్రోలు కూడా నాదే.

హాలు చిన్నది, అరవై మంది పడతారు. బొమ్మ మొదలయ్యే ముందు నటాలీ ఇంగ్లీషులో పది నిమిషాలు మాట్లాడింది. ఈ సినిమా తీసినప్పుడు హాలీవుడ్‌లో నియమాలు కాగితం మీదే ఉండేవట. 1934 నుంచి గట్టిగా అమలు చేశారు. నేరం చేసినవాళ్ళు శిక్ష లేకుండా తప్పించుకోకూడదు, ఎదురు తిరిగినవాళ్ళ మీద చూసేవాళ్ళకు జాలి కలగకూడదు. అందుకని సినిమాని మళ్ళీ విడుదల చేసేటప్పుడు ఒక నిమిషం కోసేసి, చివర ఒక జడ్జిని తెచ్చి అతికించారు. మన దగ్గరికి వచ్చేసరికి ఇక్కడి తెల్లవాళ్ళ సెన్సారు కూడా ఓ కత్తెర వేసింది, కూలీల ముందు దొరల పరువు పోకూడదని. "మొగుడు కొట్టే దెబ్బలన్నీ ఉంచారు," అంది నటాలీ. "ఆమె కొట్టింది మాత్రం తీసేశారు. ఇవాళ అది మళ్ళీ చేర్చి చూపిస్తున్నాం."

నా పక్కన గుణవతప్ప, ఇంగ్లీషు ముక్క రాక, చీర కుచ్చిళ్ళు సర్దుకుంటోంది. "ఏటంటంది ఆ పిల్ల?" అని అడిగింది. ఏమీ లేదు, అందరికీ దండాలు చెబుతోంది అన్నాను. ఆ కాస్త సేపట్లో ఆమె సంబరం చెడగొట్టడం ఎందుకనుకున్నాను. నిజం చెప్పాలంటే భయపడ్డాను. వల్లి గుర్తొచ్చి భయపడ్డాను.

దీపాలు ఆర్పారు. గుణవతప్ప తెర పక్కన నిలబడి బాకా ఎత్తింది. మైకు వద్దంది. ఆ గొంతు ఎక్కడ దాచుకుందో గానీ హాలు దద్దరిల్లింది. మంచు పడితే మంచు, రైలు కూస్తే రైలు. బెల్టు దెబ్బ తెర మీద పడకముందే ఆమె నోట పడేది. తెలుగు రాని చైనా కుర్రాళ్ళు, మలాయ్ అమ్మాయిలు కూడా తెరని వదిలి ఆమెనే చూశారు. శర్మిళ చివరి వరసలో సంచీ పట్టుకుని కూర్చుంది. మెట్ల మీంచి దొరసాని దొర్లుతున్నప్పుడు కట్టున్న చెయ్యి గుండెకి హత్తుకోవడం చూశాను.

దొర కుర్చీ ఎత్తాడు.

"ఇప్పుడు సూడండొరే! తాగినోడు తూలి..." అంటూనే ఉంది గుణవతప్ప.

తెర మీద దొరసాని వెనక్కి జరిగింది. చెయ్యి వెనక్కి చాపి పొయ్యి మీది ఇస్త్రీపెట్టె అందుకుంది. కుర్చీ కిందికి దిగేలోపు అతని కణత మీద కొట్టింది. ఎముక విరిగిన చప్పుడు ఆ పాత రీల్లో కూడా స్పష్టంగా వినబడింది. అతను మోకాళ్ళ మీద పడ్డాడు, ఇంకా ఆమె కాలు పట్టి లాగబోయాడు. ఆమె మళ్ళీ కొట్టింది. నెత్తురు నల్లగా నేల మీద పారింది. ఇస్త్రీపెట్టె ఆమె చేతిలోంచి జారి నేల మీద పడింది. అప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని, కాళ్ళు పట్టుకోవడానికి కాదు, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి ఉందో లేదో చూసింది.

బాకా కిందికి దిగింది. తెర వెలుతురులో గుణవతప్ప మొహం చూశాను. ఇంకెవరి మొహమూ అలా మారడం నేను చూడలేదు.

"ఇస్త్రీపెట్టి," అంది మెల్లగా. తర్వాత, "అమ్మా, నువ్వు సూసినావే! ఇస్త్రీపెట్టి ఎక్కడుందో నువ్వు సూసినావే!" అని తొమ్మిదేళ్ళ పిల్లలా ఏడ్చింది. రోజూ ఇస్త్రీ చేసే మనిషి నరసమ్మ. పెట్టె ఇందాక ఎక్కడుందో, ఇప్పుడెక్కడుందో చూసింది, మధ్యలో కోసేసిందేమిటో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆ మైదానంలో బొమ్మని బొమ్మగా చూసింది ఆమె ఒక్కతే. అందుకు చెవి తెగింది.

నటాలీ రీలు ఆపబోయింది. గుణవతప్ప చెయ్యెత్తి వద్దంది. ముక్కు చీదుకుని బాకా మళ్ళీ ఎత్తింది. ఈసారి గొంతు చిన్నగా ఉంది, తెర మీద ఏం జరిగితే అదే చెప్పింది. "ఇంటి యజమానురాలు ఒచ్చినాది. నానేటీ సూడనేదు అంటంది. దొరసాని కోటేసుకుంది. రైలు టేసనుకి ఎల్లింది. రైలెక్కింది. ఎవులూ ఆపనేదు. జడ్జీ నేడు. నేడమ్మా, జడ్జీ నేడు." జడ్జి లేడని మళ్ళీ మళ్ళీ చెప్పి, చివర్న బొమ్మలో లేని ఒక్క మాట అంది. "నన్ను సమించు వల్లీ."

బయటికొచ్చేసరికి అయిదు. మనోజ్ మెట్ల కింద నిలబడి ఉన్నాడు, ఉతికిన చొక్కా, చేతిలో పళ్ళ సంచీ. కొట్టేవాళ్ళు బజార్లో ఎంత మర్యాదగా ఉంటారో మా ఊరి ఆడవాళ్ళకు చెప్పనవసరం లేదు.

"అత్తా, బాగున్నారా? ప్రోగ్రాం బాగా జరిగిందా? రా శర్మిళా, లేటవుతంది."

"అది రాదు," అంది గుణవతప్ప.

"మీరే కదత్తా ఫోన్ చేసి రమ్మన్నారు?"

"నానే. తప్పు సెప్పినాను. ఇప్పుడు సెప్తన్నాను, అది రాదు. నువ్వెల్లిపో."

అతను నవ్వాడు. పళ్ళ సంచీ కింద పెట్టి, రెండు మెట్లెక్కి, శర్మిళ కట్టున్న చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని, నవ్వు మొహంతోనే, విరిగిన వేళ్ళను మెలిపెట్టాడు. ఆ పిల్ల పెట్టిన కేకకు రోడ్డు మీద మోటారు సైకిళ్ళు ఆగాయి.

గుణవతప్ప బాకాని తిరగేసి పట్టుకుంది. సూరిబాబు పట్టుకున్నట్టే. రేకు అంచు మనోజ్ కనుబొమ్మ మీద పడి చర్మం పెదవిలా తెరుచుకుంది. అతను శర్మిళను వదిలి, ముసలిదాని గొంతు పట్టుకుని స్తంభానికేసి గుద్దాడు. ఆమె తల వెనక తగిలిన చప్పుడు విని నాకు వల్లి తలే గుర్తొచ్చింది, చూస్తూ నిలబడ్డాను. ఆమె మాత్రం ఊపిరందకుండానే చెయ్యి ఎత్తి మళ్ళీ కొట్టింది. ఈసారి ముక్కు మీద. ఎముక విరిగింది. అతను మెట్ల మీద కూలబడ్డాక నలుగురు కుర్రాళ్ళు వచ్చి అదిమి పట్టుకున్నారు. వెడల్పాటి బాకా మూతి సొట్టపడి మూసుకుపోయింది.

పోలీస్ స్టేషన్లో ఒక మలాయ్ ఇన్‌స్పెక్టరమ్మ మా ఎదుట కూర్చుని టైపు చేసింది. శర్మిళ వేళ్ళ ఫొటోలు తీసింది, ఆసుపత్రి కాగితాలు తీసుకుంది, మొగుడు దగ్గరికి రాకుండా ఉత్తర్వు ఇప్పిస్తానంది. గుణవతప్ప మెడ మీద అయిదు వేళ్ళూ కమిలి తేలాయి. గొంతు బొంగురుపోయింది. ఆమెకు బజారు మలాయ్ వచ్చు, అయినా చెప్పే ఓపిక లేక తెలుగులో నాకు చెబుతుంటే నేను మలాయ్‌లో ఇన్‌స్పెక్టరమ్మకు చెబుతున్నాను. వేళ్ళు మెలిపెట్టడం చెప్పాను. గొంతు పట్టుకోవడం చెప్పాను. అతని మొహం మీద దెబ్బలు ఎలా తగిలాయని ఆమె అడిగింది.

డెబ్భై నాలుగేళ్ళ మనిషి మీద కేసు పెడతారేమోనని నాకు దడ పుట్టింది. గుణవతప్ప చెప్పింది ఒకటి, నేను చెప్పింది ఒకటి. మెట్ల మీద కాలు జారి పడ్డాడన్నాను. మలాయ్‌లో "జాతుహ్" అంటే పడిపోవడం. అది బజారు మాట, ఎవరికైనా తెలుస్తుంది.

గుణవతప్ప తల తిప్పి నా వంక చూసింది.

"ఏటీ? పడిపోయినాడా?"

నేను బల్ల మీది కాగితాల వంక చూశాను.

"మా నాన్నా అదే సెప్పినాడు ఇందిరా."

"కేసు పెడతారప్పా," అన్నాను తెలుగులో, గొంతు తగ్గించి. "జైల్లో వేస్తే ఏం చేస్తావు?"

"ఎయ్యమను. ఇంక ముక్క కొయ్యకు. నా కూతురు ఇక్కడే ఉండి ఇంటంది." మెడ పట్టుకుని, ఇన్‌స్పెక్టరమ్మ వైపు తిరిగి, తనకొచ్చిన బజారు మలాయ్‌లో తనే చెప్పింది, నేను కొట్టాను అని. ఇన్‌స్పెక్టరమ్మ టైపు చేయడం ఆపి, ఆమెను చూసి, నన్ను చూసి, నేను చెప్పిన వాక్యాన్ని చెరిపేసింది. అత్త అల్లుణ్ణి ఒకసారి కొట్టింది అని కొత్తగా రాసి, పైకి చదివి, సంతకం పెట్టమని కలం ఇచ్చింది.

గుణవతప్ప కలం తీసుకోలేదు. సగం బొటనవేలు, పక్కన చూపుడువేలు, రెండూ ఎత్తి చూపించింది.

"ఒకసారి కాదు. రెండుసార్లు. రాయమను."